అరిగిన చోట మొదలుపెట్టండి

ఈ అధ్యాయం చదివే ముందు ఒక పని చేయండి. తలుపు చాటునో, అటక మీదో, పెరట్లో బోరు మోటరు డబ్బా వెనకో పడి ఉన్న పనిముట్టు ఒకటి వెతికి తెచ్చి ముందు పెట్టుకోండి. కొడవలి, సుత్తె, పార, కత్తెర, కత్తిపీట, తాపీ, ఏదైనా సరే. కొత్తది మాత్రం వద్దు. కనీసం పదేళ్ళు ఎవరో ఒకరి చేతిలో పని చేసి ఉండాలి. తుడవకండి, కడగకండి. దుమ్ము ఉంటే ఉండనివ్వండి, తుప్పు ఉంటే ఇంకా మంచిది.

నీటిరంగులు నేర్చుకుందామని భూపాలపల్లిలో నా దగ్గరికి వచ్చేవాళ్ళు ఎక్కువమంది మొదటిరోజే కాళేశ్వరం దగ్గర గోదావరి మీద పొద్దుగుంకడం వేయాలనుకుంటారు. కొందరు రామప్ప గుడి అంటారు. రెండూ అందమైనవే. అయితే మొదటి పూత ఆరేలోపే ఆకాశం రంగు మారిపోతుంది. రామప్ప మదనిక నడుము వంపు కాగితం మీదికి రావాలంటే, ఆ రాయిని చెక్కినవాళ్ళ కొలతల్లో కొంతైనా మన చేతికి తెలియాలి. రెండు మూడు కాగితాలు పాడయ్యేసరికి "నాకు చెయ్యి తిరగదు సార్" అని రంగులపెట్టె మూసేస్తారు. మళ్ళీ తెరిచేది ఎప్పుడో ఎవరికీ తెలియదు. ఇలా ఆగిపోయినవాళ్ళను చూసినప్పుడల్లా నాకు కష్టంగా ఉంటుంది. వాళ్ళ చేతుల్లో లోటేమీ లేదు. ఎక్కాల్సిన మొదటి మెట్టు ఇంట్లోనే ఉందని వాళ్ళకు ఎవరూ చెప్పలేదు, అంతే.

కొడవలి కదలదు. రేపు పొద్దున కూడా అదే వెలుతురులో అక్కడే ఉంటుంది. దానికి డబ్బులివ్వక్కర్లేదు. అన్నిటికంటే పెద్ద మేలు ఏమిటంటే, అది ఉన్న సైజులోనే కాగితం మీద పడుతుంది. కొత్తవాళ్ళను ఓడించేది రంగు కంటే కొలతే. కొండను జానెడు కాగితంలోకి దించడానికి ఎంతో సాధన కావాలి. జానెడు పనిముట్టును జానెడే గీయడానికి చూపు ఉంటే చాలు.

నాకు ఈ దారి చూపింది మా బాపమ్మ కొడవలి. అది కక్కు కొడవలి, అంటే రంపంలా సన్నని పళ్ళున్నది. ఆమె పోయిన చాలా ఏళ్ళకు ఊళ్ళో పాత ఇల్లు ఖాళీ చేస్తుంటే దూలం సందులో దొరికింది. ఇంటికి తెచ్చి, కిటికీ దగ్గర బండ మీద పెట్టి గీయడం మొదలుపెట్టాను. ఒంపు కుదిరింది, పిడి కుదిరింది. పళ్ళ దగ్గరికి వచ్చేసరికి చెయ్యి ఆగిపోయింది. కక్కును రేకుకు ఒక ముఖం మీదే కొడతారు, రెండో ముఖం నున్నగా ఉంటుంది. ఈ సంగతి నాకు తెలుసు. సరిచూసుకోవడానికి బజారులో కొన్న కొడవలిని పక్కనే అదే తీరుగా పెట్టాను. దాని మీద పళ్ళు కనిపిస్తున్న ముఖమే బాపమ్మ కొడవలికి నున్నగా ఉంది. తిరగేసి పెట్టాను, ఒంపు అటుది ఇటయింది. నేనే ఎక్కడో పొరబడ్డాననుకుని మూడుసార్లు చెరిపాను. చివరికి అమ్మను అడిగాను.

"మీ బాపమ్మది పుర్రచెయ్యి గద బిడ్డా. కమ్మరాయన ఆమె కోసం ఉల్టా కక్కు కొట్టేటోడు. బజార్ల కొడవలి ఆమెకు తెగకపోవు. బువ్వ తినుడొక్కటే కుడిచేత్తోని."

పదిహేనేళ్ళు ఆమె దగ్గర పెరిగాను. ఆమె ఎడమచేతి మనిషి అని నాకు తెలియదు. పండ్లు కోసిచ్చింది, తల దువ్వింది, చీమిడి తుడిచింది. ఏ చేత్తో చేసిందో ఒక్కసారీ గమనించలేదు. రెండు గంటలు ఆమె కొడవలి వైపు చూస్తే తెలిసింది. అప్పుడు పిడిని మళ్ళీ చూశాను. బొటనవేలు ఆనే చోట తుమ్మకర్ర లోతుగా అరిగి, అద్దంలా మెరుస్తోంది. ఆ గుంట కూడా ఎడమ బొటనవేలిదే. నా కుడిచేయి అందులో ఇమడలేదు. ఎడమచేత్తో పట్టుకుంటే ఒదిగిపోయింది.

ఈ అధ్యాయంలో నేను చెప్పదలచుకున్నది అంతా ఆ గుంటలోనే ఉంది. పనిముట్టు ఆకారం దుకాణంలో వేలాడే అన్నిటికీ ఒక్కటే. అరుగుదల మాత్రం ఒక్క మనిషిదే. కాబట్టి ఒంపు నుంచి కాకుండా అరిగిన చోటు నుంచి మొదలుపెట్టండి. కక్కు కొడవలికి ప్రతి కోతల ముందు మళ్ళీ కక్కు కొట్టించాలి. కొట్టించిన కొద్దీ రేకు వెడల్పు తగ్గుతుంది. సన్నబడిన రేకు ఎన్ని పంటలు కోసిందో చెబుతుంది. సుత్తె తల ఒక అంచునే చితికి ఉంటే, దాన్ని వాడిన మనిషి మణికట్టు ఏ వైపు వాలేదో తెలుస్తుంది. పార నోరు ఒక మూల ఎక్కువ అరిగితే, ఏ కాలు ముందుకు వేసి తవ్వేవాడో ఊహించవచ్చు. అక్కడ మీ పెన్సిల్ నెమ్మదించాలి. మిగతాచోట్ల తొందరపడినా నష్టం లేదు.

పనిముట్టును బొమ్మగా వేయడం ఏదో పట్నం ఆలోచన అనుకోకండి. భూపాలపల్లి పక్కనే రేగొండ మండలంలో పాండవుల గుట్టలున్నాయి. అక్కడి రాతిగుహల్లో వేల ఏళ్ళనాటి మనుషులు వేసిన రంగుబొమ్మలు ఉన్నాయి. అడవిదున్న, జింక, పులి లాంటి జంతువులతో పాటు విల్లు, బాణం, కత్తి కూడా వేశారు. చేతిలో రోజూ ఉండేదాన్ని గోడమీద పెట్టాలన్న కోరిక ఈ నేలమీద అంత పాతది. ఆ ఎర్రరంగు చూసిన ప్రతిసారీ నాకు ఒళ్ళు పులకరిస్తుంది. అది ఇనుప ఖనిజం ఉన్న ఎర్రమట్టి. కొడవలి మీది తుప్పు కూడా ఇనుము గాలితో, తేమతో కలిసి అయినదే. మీరు దుకాణంలో కొనే బర్న్ట్ సియెనా కూడా మొదట కాల్చిన ఇనుప మట్టి నుంచి వచ్చిన రంగే. గుట్టమీది ఎరుపు, దూలం సందులోని తుప్పు, మీ పళ్ళెంలోని రంగు, మూడూ దాయాదులు. తుప్పుకు సరైన రంగు ఏదని వెతుక్కోవాల్సిన పని లేదు. దాన్ని దాని చుట్టంతోనే వేస్తున్నాం. ఇంకో చుట్టరికం కూడా ఉంది. నీటిరంగులో పొడిని కాగితానికి పట్టి ఉంచే జిగురు తుమ్మజాతి చెట్టు నుంచి వస్తుంది. కొడవలి పిడికి మనవాళ్ళు వాడేదీ ఎక్కువగా తుమ్మకర్రే.

మహబూబాబాద్ జిల్లాలోని పెనుగొండలో పుట్టిన కొండపల్లి శేషగిరిరావు (1924–2012) హైదరాబాద్‌లో చిత్రకళ చదివి, శాంతినికేతన్ వెళ్ళి నందలాల్ బోస్ దగ్గర నేర్చుకున్నారు. ఆ గురువు పని మనకు ఇక్కడ ముఖ్యం. 1938లో గుజరాత్‌లోని హరిపురలో కాంగ్రెస్ మహాసభలు జరిగినప్పుడు గాంధీజీ కోరిక మీద నందలాల్ బోస్ చేతికాగితం మీద మట్టిరంగులతో పోస్టర్ల వరుస తయారుచేశారు. వాటిలో వడ్రంగి, దూదేకేవాడు, కుమ్మరి, వడ్లు దంచే ఆడవాళ్ళు, డోలు కొట్టేవాడు వచ్చి నిలబడ్డారు. వాటిని పుస్తకంలోనో ఫోన్‌లోనో చూడండి. మనిషి వీపు వంపు, చేతిలోని పనిముట్టు వంపు ఒకదాన్నొకటి అందుకుంటాయి. ఏది ఎక్కడ ఆగిందో చెప్పడం కష్టం. సిద్దిపేట కాపు రాజయ్య (1925–2012) పల్లెపనిని, పండుగను బతుకంతా గీశారు. దూరదేశం సంగతి చెప్పాలంటే, అమెరికాలోని సిన్సినాటిలో తాతగారి ఇనుప సామాను దుకాణం చూస్తూ పెరిగిన జిమ్ డైన్ 1973లో రంపం, క్లాంపు, ప్లయర్స్ లాంటివాటిని ఒక్కో కాగితం మీద ఒక్కొక్కటిగా బొగ్గుతో, పెన్సిల్‌తో పెద్దవిగా గీశాడు. ఆ వరుస న్యూయార్క్‌లోని ఆధునిక కళల మ్యూజియం దాకా వెళ్ళింది. మీ కొడవలి ఎక్కడికీ వెళ్ళనక్కర్లేదు. అది బొమ్మకు తగిన వస్తువా అన్న అనుమానం మాత్రం పోతే చాలు.

ఇక సామాను. రంగులకు ఎక్కువ ఖర్చుపెట్టి కాగితం దగ్గర పొదుపు చేయడం అందరూ చేసే పొరపాటు. దాన్ని తిరగేయండి. డ్రాయింగ్ పుస్తకంలోని పలచని కాగితం మీద నీళ్ళు పడగానే అది అప్పడంలా ముడుచుకుంటుంది, రంగు మడుగుల్లో నిలబడుతుంది. అప్పుడు తప్పు మీదనుకుంటారు. 300 జీఎస్‌ఎం నీటిరంగుల కాగితం తీసుకోండి. 22 అంగుళాలకు 30 అంగుళాల పెద్ద షీటు కొని నాలుగు ముక్కలు చేస్తే ఒక్కోటి 11కు 15 అంగుళాలు వస్తుంది. దానిలో కొడవలి హాయిగా పడుకుంటుంది. భూపాలపల్లి స్టేషనరీ షాపుల్లో దొరకకపోతే హన్మకొండకు ఏదో పనిమీద వెళ్ళినప్పుడు తెచ్చుకోండి. రంగులు విద్యార్థులు వాడే కామెల్ గొట్టాలైనా సరిపోతాయి. నాలుగు చాలు: బర్న్ట్ సియెనా, అల్ట్రామెరైన్ బ్లూ, యెల్లో ఓకర్, రా అంబర్. నలుపు కొనకండి, పెట్టెలో వస్తే తీసి పక్కన పెట్టండి. 8 నంబరు గుండ్రటి కుంచె ఒకటి, 2 నంబరుది ఒకటి, వెంట్రుకలు విచ్చుకుపోయిన పాత కుంచె ఒకటి. పాతది పారేయకండి, తుప్పుకు అదే పనికొస్తుంది. అన్నట్టు, కుంచె అన్న మాట చిత్రకారులదే కాదు, నేతవాళ్ళది కూడా. పడుగుకు గంజి పట్టించే కుంచె ఇప్పటికీ పాత మగ్గాల ఇళ్ళలో కనిపిస్తుంది. మీరు పట్టుకున్నది కూడా పనిముట్టే. అదీ అరుగుతుంది.

కిటికీ దగ్గర కూర్చోండి. వెలుతురు ఒక్క వైపు నుంచే రావాలి. ట్యూబ్‌లైట్ ఆపేయండి, లేకపోతే రెండు నీడలు పడి ఏది నిజమో తెలియదు. పనిముట్టును గోడకు వేలాడదీయకుండా బండ మీద పెట్టండి. అప్పుడే దాని బరువు కనిపిస్తుంది. కొంచెం ఏటవాలుగా పెడితే పిడి మీవైపు పెద్దదిగా, కొన దూరంగా చిన్నదిగా మారి కష్టపెడుతుంది. మొదటి వారం నేరుగా పైనుంచి చూసేలా పెట్టుకుంటే చాలు.

గీయడానికి ముందు పావుగంట పెన్సిల్ ముట్టుకోవద్దు. ఊరికే చూడండి. ఈ పావుగంట ఎవరికీ నచ్చదు. మూడో నిమిషానికే ఫోన్ వైపు చెయ్యి వెళుతుంది. ఐదో నిమిషానికి "చూసేశాను గదా" అనిపిస్తుంది. పదో నిమిషం దాటాక పిడికి బిగించిన పొన్ను మీద సన్నని బీట కనిపిస్తుంది, లేదా పిడిలో ఎప్పుడో దిగగొట్టిన మేకు తల. ఆ తర్వాత చూడటం ఆపడం కష్టమవుతుంది. తరగతిలో చూపు నిలవని పిల్లలు కూడా సుత్తె ముందు నిలిచారు. ఎందుకంటే అక్కడ కనిపెట్టడానికి నిజంగానే ఏదో ఉంది.

పనిముట్టును కాగితం మీద పెట్టి చుట్టూ గీత గీసేయాలనిపిస్తుంది. దయచేసి చేయకండి. కొలత వస్తుంది, చూపు రాదు. దానికి బదులు కొడవలి నోట్లో ఉన్న ఖాళీని గీయండి. ఒంపు లోపలి ఆ చంద్రవంకలాంటి ఖాళీకి మీ మనసులో ముందే బొమ్మ లేదు కాబట్టి, కళ్ళు చూసినదే చెయ్యి గీస్తుంది. ఖాళీ కుదిరితే కొడవలి దానంతటదే కుదురుతుంది. గీత తేలిగ్గా ఉండాలి. ముదురు పెన్సిల్ గీత నీళ్ళు పడ్డాక చెరగదు.

ఇప్పుడు ఇనుము. ఇనుము బూడిదరంగు అని మనకు ముందే తెలుసు, ఆ తెలియడమే అడ్డం. రేకును జాగ్రత్తగా చూడండి. కిటికీ వైపు తిరిగిన చోట ఆకాశపు నీలం ఉంటుంది. గోడ వైపు తిరిగిన చోట గోడ సున్నం రంగు ఉంటుంది. బండకు దగ్గరగా ఉన్న చోట బండ రంగే మసకగా ఎక్కి ఉంటుంది. పెద్ద కుంచెతో ఉట్టి మంచినీళ్ళు తీసుకుని రేకు ఆకారమంతా తడపండి. అంచు పొడుగునా వెంట్రుకవాసి మందం పొడిగా వదలండి. తడి ఇంకా మెరుస్తుండగానే అల్ట్రామెరైన్‌లో రవ్వంత బర్న్ట్ సియెనా కలిపిన పలచని రంగు ఒక వైపు నుంచి వదలండి. అది తనంతట పాకుతుంది. తుప్పున్న చోట చిక్కటి బర్న్ట్ సియెనాను కుంచెకొనతో చుక్కలుగా అంటించండి. అంటించి, చెయ్యి తీసేయండి.

చెయ్యి తీసేయడమే అన్నిటికంటే కష్టమైన పని. తడిలో రంగు కదులుతున్నప్పుడు దాన్ని సర్దాలనిపిస్తుంది. ఒకసారి సర్దితే బురద, రెండుసార్లు సర్దితే మసిగుడ్డ. తుప్పు ఎవరూ పెట్టింది కాదు, తేమ తనకిష్టమైన చోట ఎక్కింది. కాగితం మీద కూడా దాన్ని నీళ్ళకే వదిలేస్తే నిజంగా తుప్పులా వస్తుంది. సగం ఆరిన పూత మీద పొరపాటున నీటిబొట్టు పడి అంచులు పువ్వులా విచ్చుకుంటే కంగారుపడకండి. ఆకాశం వేసేటప్పుడు అది చెడు, పాత ఇనుము మీద అది వరం. పూర్తిగా ఆరాక పాత కుంచెను రంగులో ముంచి, గుడ్డకు తుడిచి, దాదాపు పొడిగా కాగితం మీద గీకండి. కాగితం గరుకు మీద మాత్రమే రంగు అంటి, పెచ్చులెక్కిన తుప్పు వస్తుంది.

అంచు సంగతి. నూరిన అంచు వెలుతురును తిప్పికొడుతుంది. దానికి వేయాల్సిన రంగేమీ లేదు, మొదట పొడిగా వదిలేసిన ఆ వెంట్రుకవాసి కాగితం తెలుపే పదును. అది పోయిందా, తెల్లరంగుతో తెచ్చుకోలేరు. తెస్తే మొద్దుబారినట్టు ఉంటుంది. అందుకే నీటిరంగుల్లో అన్నిటికంటే ముందు తీర్మానించుకోవాల్సింది ఎక్కడ వేయకూడదో. కక్కు పళ్ళన్నీ లెక్కపెట్టి వేయొద్దు. వెలుతురు దగ్గరి ఐదారు పళ్ళు 2 నంబరు కుంచెతో తేటగా వేసి, మిగతావి పొడికుంచెతో ఒక్క ఊపులో పోనివ్వండి. చూసేవాళ్ళ కన్ను మిగిలినవి నింపుకుంటుంది.

పిడికి యెల్లో ఓకర్, బర్న్ట్ సియెనా కలిపిన పలచని పూత ముందు. ఆరాక రా అంబర్‌తో నారలు, పగుళ్ళు. చెయ్యి పట్టిన చోట నారలు ఉండవు. అవి చెమటతో, రాపిడితో ఎప్పుడో పూడిపోయాయి. అక్కడ ముదురు రంగు మీద ఒక మెరుపు ఉంటుంది. ఆ మెరుపు కోసం చిన్న చోటు మొదటి పూతతోనే ఆపేయండి. నా విద్యార్థుల్లో చాలామంది పిడంతా ఒకేలా నారలు వేస్తారు. అప్పుడది దుకాణంలో కొన్న కొత్త పిడి అవుతుంది, మనిషి మాయమవుతాడు.

నీడ చివర్లో. బండకు ఆనిన చోట నీడ సన్నగా, ముదురుగా, తేటగా ఉంటుంది. దూరమయ్యేకొద్దీ వెడల్పై, పలచబడి, అంచు కరుగుతుంది. అల్ట్రామెరైన్‌లో బర్న్ట్ సియెనా కలిపితే వచ్చే ముదురు రంగు నలుపు కంటే లోతుగా ఉంటుంది. బొగ్గుగనుల ఊరివాళ్ళం, నలుపులో ఎన్ని రంగులున్నాయో మనకు వేరే చెప్పాలా. పగలగొట్టిన బొగ్గుపెళ్ళ ముఖాన్ని ఎండలో పెట్టి చూడండి, నీలం తళుక్కుమంటుంది.

ఒక స్థానిక హెచ్చరిక. ఇంకో ఊళ్ళో రాసిన పుస్తకాలు పూత ఆరడానికి ఫలానా నిమిషాలు ఆగమంటాయి. మే నెలలో మన దగ్గర ఎండ 45 డిగ్రీలకు చేరినప్పుడు ఫ్యాన్ కింద పూత వేస్తుండగానే ఆరిపోయి చారలు పడుతుంది. ఆ నెలంతా పొద్దున ఎనిమిదిలోపే కూర్చోండి, కాగితం వెనక వైపు కూడా తడిపి బల్లకు అంటించండి. వానాకాలం దీనికి తలకిందులు, మొదటి పూత వేసి వంట చేసుకుని రావచ్చు. తుప్పు వేయడానికి శ్రావణ మాసాన్ని మించింది లేదు.

ఇప్పటిదాకా చెప్పినవన్నీ చేతికి సంబంధించినవి. రెండో సగం నోటికి సంబంధించినది, అంటే అడగడం. పనిముట్టు ఎవరిదో వాళ్ళు బతికుంటే వాళ్ళ దగ్గరికి, లేకపోతే వాళ్ళను చూసినవాళ్ళ దగ్గరికి వెళ్ళాలి. బొమ్మ పూర్తయ్యాక కాకుండా సగంలో వెళ్ళండి. సగం బొమ్మ చూస్తే మనుషులు మాట్లాడతారు. పూర్తయినది చూస్తే "బాగుంది" అని ఊరుకుంటారు.

కమ్మరి కొలిమి దగ్గరికి వెళితే చెప్పులు బయట విడవండి. పనిముట్లను దాటకండి. కాలు తగిలితే కళ్ళకద్దుకోండి. దసరాకు వాటికి పసుపుకుంకుమ పెట్టి మొక్కే మనుషులు వాళ్ళు, మీరు బొమ్మకోసం వచ్చారని ఆ మర్యాద తగ్గకూడదు. కోతల ముందు కక్కు కొట్టించుకునే రైతులు వరుసలో ఉన్నప్పుడు వెళ్ళి సుత్తె అడగొద్దు. గీత కార్మికుల దగ్గరికి పొద్దున్నే వెళ్ళొద్దు, అది వాళ్ళు తాళ్ళెక్కే వేళ. పగటిపూట చెట్టెక్కే మోకు, ముస్తాదు చెట్టుకిందనో ఇంటిగోడకో ఉన్నప్పుడు అడిగితే సంతోషంగా చూపిస్తారు. తాటిచెట్టును గీయడమూ గీతే, బొమ్మను గీయడమూ గీతే. తెలుగులో రెండు పనులకూ ఒకటే మాట. ఒకసారి గీతకత్తి వేస్తుంటే, పక్కన కూర్చున్న పెద్దమనిషి నా కుంచె పట్టు చూసి, "గట్టిగ పట్టకు కొడుకా, మణికట్టు తిరగాలె. గట్టిగ పడితె గెల చెడుతది" అన్నాడు. కుంచె గురించి నాకెవరూ అంత సూటిగా చెప్పలేదు.

పనిముట్టే లేని సందర్భం ఒకటి చెప్పాలి. సింగరేణి కార్మికుల కాలనీలో రిటైరైన పెద్దాయన ఒకాయన ఉన్నాడు. యంత్రాలు రాకముందు గనిలో బొగ్గు నింపిన ఫిల్లరు. ఆ పనిని వాళ్ళు తట్టా చెమ్మస్ పని అనేవాళ్ళు. చెమ్మస్ అంటే బొగ్గెత్తే పార. దాన్ని వేద్దామని వెళితే ఆయన దగ్గర లేదు. "ఎస్‌డీఎల్ మిషిన్లు వచ్చినంక ఎవ్వడు దాసుకుంటడు?" అన్నాడు. ఎట్లా ఉండేదో చెప్పమన్నాను. ఆయన మాటలతో మొదలుపెట్టి, రెండో మాటకే లేచి నిలబడ్డాడు. ఎడమచేయి కిందికి, కుడిచేయి పైకి, మోకాలు కొంచెం వంచి. ఎదురుగా బొగ్గు టబ్బు ఉన్నట్టే మొఖం పక్కకు తిప్పుకున్నాడు, దుమ్ము కళ్ళల్లో పడకుండా. రెండు చేతుల మధ్య ఖాళీ సరిగ్గా ఒక పార కామ పొడవు ఉంది. నేను ఆ ఖాళీని కొలుచుకుని గీశాను. కొడవలి నోట్లో ఖాళీ గీయడం నేర్చుకున్నది అక్కడ అక్కరకొచ్చింది. ఆ కాగితం మీద చెమ్మస్ లేదు. రెండు చేతులున్నాయి, అరచేతుల్లో ఇంకా కరగని కాయలున్నాయి, మధ్యలో వేయని కాగితం ఉంది. నేను వేసినవాటిలో నాకు అన్నిటికంటే ఇష్టమైనది అదే. మీ ఊళ్ళో కూడా ఇలా చేతుల్లో మాత్రమే మిగిలిన పనిముట్లు ఉంటాయి. వాటిని ముందు వేయండి. దూలం సందులోని కొడవలి ఇంకో పదేళ్ళు ఆగగలదు, ఆ చేతులు ఆగవు.

ఎంత కాలం, ఎన్ని బొమ్మలు అని అడుగుతారు. ఒక పనిముట్టు, ఒక వారం. రోజుకో గంట. మొదటి రెండు రోజులు పెన్సిల్‌తోనే, అరిగిన చోట్లు మాత్రమే. మూడో రోజు నుంచి రంగు. వారంలో మూడు కాగితాలు పాడవుతాయి, అవి ఖర్చులో రాసుకోండి. ఆ మూడింటినీ దాచండి కూడా. ఒక్కో కాగితం మీద ఒక్క పనిముట్టే ఉండాలి. వడ్రంగి పెట్టె అంతా, బాడిశ, ఉలి, రంపం, బరమా కలిపి వేయాలని ఆశ పుడుతుంది. నెల తర్వాత వేయండి. ఇప్పుడు వేస్తే దుకాణం బోర్డులా ఉంటుంది. వారం చివర బొమ్మను పనిముట్టు పక్కనే నేలమీద పెట్టి, నిలబడి చూడండి. రెండింటిలో ఏది బరువుగా కనిపిస్తోంది? బొమ్మ తేలిపోతుంటే లోపం దాదాపు ఎప్పుడూ ఆనిన చోట నీడలోనే ఉంటుంది. అక్కడ ఇంకో పూత వేయండి.

పూర్తయ్యాక సంతకం కంటే ముందు అడుగున పెన్సిల్‌తో మూడు సంగతులు రాయండి. మీ ఇంట్లో దాన్ని ఏమని పిలుస్తారో ఆ పేరు, పుస్తకాల్లోది కాదు. అది ఎవరిదో. దాన్ని వేస్తూ మీకు కొత్తగా ఏం తెలిసిందో, ఒక్క ముక్కలో. నా మొదటి కాగితం అడుగున ఇలా ఉంది: కక్కు కొడవలి, బాపమ్మది, ఎడమచేతిది. పళ్ళ దగ్గర మూడుసార్లు చెరిపిన పెన్సిల్ మచ్చలు రంగు కింద నుంచి ఇంకా కనిపిస్తాయి. వాటిని నేను కప్పలేదు.